ప్రాత కారునకు క్రొత్త ప్రాణము: పెట్రోలు మార్గమును బాగుచేయు విధము

మన దేశపు రోడ్లమీద అరువది యేండ్లకు దగ్గఱగా తిరిగిన అంబాసిడర్ కారును ఎఱుగనివారు మన విద్యార్థుల తల్లిదండ్రులలో నుండరు. ఇంగ్లాండు దేశమున 1956లో వెలువడిన మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును మాదిరిగా గొని, హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా సమీపమునందలి ఉత్తరపారాలో 1950ల చివరి నుండి 2014 మే నెల వఱకు దానిని తయారుచేసిరి. మంత్రులు, కలెక్టర్లు, వైద్యులు, పెండ్లివారు, అందఱును దాని నెక్కినవారే. తయారీ నిలిచిపోయినను, తాతగారి కారని, తండ్రిగారి కారని నేటికిని ఎన్నో యిండ్లలో నది పాకక్రిందనో చెట్టునీడనో నిలిచియున్నది. దానిని మఱల నడిపింపవలెనను కోరిక ఇప్పుడు పలువురకు కలుగుచున్నది. కోరిక మంచిదే.

కాని ఆ పని మొదలిడు వారిలో ననేకులు ముందుగా రంగునకును, సీట్లకును, మెఱయు బంపర్లకును సొమ్ము వెచ్చింతురు. ఇల్లలుకగానే పండుగ కాదు. పైన పటారము లోన లొటారము అనునట్లు, అద్దమువలె మెఱయు కారులో ఎండి బీటలిచ్చిన రబ్బరు గొట్టమొక్కటి మిగిలియున్నచో, ఆ కారు అందము మాట యటుండగా అందు కూర్చున్నవారి ప్రాణములకే హాని. వేడెక్కిన ఇంజనుమీద పెట్రోలు కారుటకు చిటికెడంత బీట చాలును. గావున ప్రాత కారును బాగుచేయువారు మొట్టమొదట చూడవలసినది పెట్రోలు మార్గమని మా దృఢాభిప్రాయము. అదియు ఒక్కొక్క ముక్కగా గాక, మొదటినుండి తుదివఱకు ఒకే మార్గముగా నెంచి బాగుచేయవలెను. ఆ మార్గమెట్టిది, అది యేల జీర్ణించును, ఏ వరుసను దానిని మార్చవలెను అను మూడు సంగతులను ఈ వ్యాసమున వివరింపదలచితిమి. డీసెలు బండ్ల పద్ధతి వేఱు. ఇచట పెట్రోలు బండ్లను మాత్రమే యుద్దేశించితిమి.

చెఱువు మొదలు మడి వఱకు

పల్లెటూరి పిల్లలకు చెఱువు, తూము, కాలువ, మడి అను నాలుగును చక్కగా తెలియును. కారులోని పెట్రోలు మార్గమును అట్టిదే. వెనుకభాగమున సామానుపెట్టె క్రింద నుండు టాంకి చెఱువు. దాని యడుగునకు దిగియుండు పీల్చుగొట్టము తూము. కారు క్రింది పొడవున ముందునకు వచ్చు సన్నని ఉక్కుగొట్టము కాలువ. ఇంజనును ఆనుకొనియున్న కార్బురేటరు మడి. ఐతే చెఱువు నీరు పల్లమునకు తానే పాఱును; కారులో టాంకి పల్లమునను, కార్బురేటరు మెఱకను ఉన్నవి. గావున నడుమ ఏతమువంటి దొకటి కావలెను. అదియే పంపు.

ఈ పంపు సామాన్యముగా ఇంజను ప్రక్కన బిగింపబడియుండును. ఇంజను తిరుగునప్పుడు లోపలి కామ్ షాఫ్టు మీది యొక గుబ్బ పంపుయొక్క మీటను మాటిమాటికి నొక్కును. మీట లోపలి రబ్బరు పొరను లాగును. అపుడు పొరమీది గదిలో పీడనము తగ్గి, టాంకినుండి పెట్రోలు పైకి వచ్చును. పిమ్మట ఒక స్ప్రింగు ఆ పొరను వెనుకకు నెట్టగా పెట్రోలు కార్బురేటరు వైపునకు పోవును. పోయినది మరలి రాకుండ రెండు చిన్న కవాటములు కాపాడుచుండును. మన గుండె పనిచేయు తీరును శరీరశాస్త్రమున చదివిన విద్యార్థులకు దీనిని వేఱుగా వివరింప నక్కఱలేదు.

కార్బురేటరులో ముందుగా ఒక చిన్న గిన్నె కలదు. అందు ఇత్తడి ఫ్లోటు తేలుచుండును. మేడమీది నీళ్ల తొట్టిలో తేలెడి బంతి కుళాయిని కట్టివేయునట్లే, ఈ ఫ్లోటు లేచినప్పుడు సూది కవాటము మూసికొనును, దిగినప్పుడు తెఱచికొనును. గిన్నెనుండి పెట్రోలు జెట్టు అను ఇత్తడి రంధ్రము గుండా పోయి, వేగముగా వచ్చు గాలిలో తుంపరగా కలియును. పెట్రోలును ఇట్లు చిమ్మెడి కార్బురేటరును 1893లో జర్మనీ దేశస్థుడగు విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించెను. ఒక పాలు పెట్రోలు సంపూర్ణముగా మండుటకు తూకమున సుమారు 14.7 పాళ్లు గాలి కావలెను. ఈ నిష్పత్తిని నిలుపుటయే కార్బురేటరు పని.

మోటారు కారు పుట్టినప్పటి నుండియు ఈ మార్గము చిక్కులు పెట్టుచునే యున్నది. 1888 ఆగస్టు నెలలో బెర్తా బెంజ్ అను వనిత, తన భర్త కార్ల్ బెంజ్ చేసిన బండిలో తన యిద్దఱు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్ వఱకు ప్రయాణముచేసెను. మోటారు బండిలో దూరప్రయాణము చేసినవారిలో ఆమెయే ప్రథమురాలు. నడిమార్గమున ఇంధనపు గొట్టము పూడిపోగా, ఆమె తన టోపీకి గ్రుచ్చుకొనిన పొడవైన సూదితో దానిని శుభ్రపఱచి ముందునకు సాగెను. నాటి కొంచెపు నలుసే నేటి ప్రాత కార్లకును పగవాడు.

నిలుకడయే శత్రువు

వాడని వస్తువు చెడదని లోకులనుకొందురు. పెట్రోలు మార్గము విషయమున నిది తలక్రిందులు. నిత్యము నడిచెడి కారుకంటె ఏండ్ల తరబడి నిలిచిన కారులోనే ఈ మార్గము త్వరగా చెడును. ఏలయన, పెట్రోలు ఒకే పదార్థము కాదు. అది పలు హైడ్రోకార్బనుల మిశ్రమము. వానిలో తేలికైనవి కొలది నెలలలోనే ఆవిరియై పోవును. మిగిలినవి గాలిలోని ప్రాణవాయువుతో కలిసి క్రమముగా జిగురుగా మాఱును. ఈ జిగురు గొట్టములలోను, జెట్టులలోను వార్నిషువలె పేరుకొని గట్టిపడును.

రెండవది నీరు. టాంకి యూపిరి పీల్చునని చెప్పిన ఆశ్చర్యపడకుడు. పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి వెలికి పోవును. రాత్రి చల్లబడగా బయటి తేమగాలి లోనికి వచ్చును. ఆ తేమ లోపలి గోడలమీద మంచుబిందువులవలె దిగి క్రిందికి జాఱును. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక అడుగునకు చేరి అచటనే నిలుచును. ఉక్కు టాంకి అడుగు తుప్పుపట్టుట కిదియే కారణము. టాంకి సగము ఖాళీగా నున్నచో గాలి యెక్కువ, తేమ యెక్కువ, తుప్పును ఎక్కువ.

మూడవది రబ్బరు. ఛార్లెస్ గుడియర్ 1839లో గంధకముతో రబ్బరును గట్టిపఱచు విధమును కనుగొనెను గాని, చెట్టుపాలనుండి వచ్చు సహజ రబ్బరు పెట్రోలు తగిలినచో ఉబ్బి మెత్తబడును. 1930ల దశకమున వచ్చిన నైట్రైలు రబ్బరు ఈ కష్టమును చాలవఱకు తీర్చెను. ప్రాత కార్ల గొట్టములు తఱచుగా దీనితో చేసినవే. ఐనను రబ్బరు మెత్తగా నుండుటకై అందు కలిపిన నూనెలవంటి పదార్థములను పెట్రోలు కొంచెము కొంచెముగా కడిగివేయును. పెట్రోలు నిండియున్నంత కాలము ఉబ్బి కదిసియుండిన గొట్టము, ఎండిపోగానే ముడుచుకొని బీటలిచ్చును. అందువలననే చాలకాలము నిలిచిన కారులో పెట్రోలు పోసిన మొదటి గడియలోనే గొట్టములు కారుట చూతుము. బెండుతో చేసిన వాషర్లదియు నిదే గతి. ఇత్తడికి చిలుము, జస్తు కలిసిన కార్బురేటరు పోతకు తెల్లని పొడి, ఉక్కునకు తుప్పు, ఇట్లు ఒక్కొక్క లోహమునకు ఒక్కొక్క వ్యాధి కలదు.

ఇరువది యేండ్లు షెడ్డులో నిలిచిన యొక కారు టాంకిని మా యెదుట విప్పినప్పుడు అందుండి వెలువడిన ద్రవము కషాయమువలె ఎఱ్ఱగా నుండెను. దానియందు పెట్రోలు వాసన లేదు. వడ్రంగి కొట్టులోని వార్నిషు వాసన వచ్చుచుండెను. అడుగున దోసెడు తుప్పుపొడి యుండెను. అదే కారునకు అంతకు ముందే క్రొత్త పంపును వేయించియుండిరి. ఆ క్రొత్త పంపు కవాటములలో సయితము తుప్పు చేరియుండెను. చెఱువులోని బురద తీయక కాలువను త్రవ్వుటవలన ప్రయోజనమేమి?

నేటి పెట్రోలు వేఱు

ప్రాత కారు యజమానులు మఱువరాని మఱియొక సంగతి కలదు. నాటి పెట్రోలు వేఱు, నేటి పెట్రోలు వేఱు. చెఱకు, మొక్కజొన్న, నూకలు మొదలగు వానినుండి తీసిన ఇథనాలు అను సారాయి సత్తును మన దేశమున పెట్రోలులో కలుపుచున్నారు. 2022 నాటికి ఈ కలయిక నూటికి 10 పాళ్లకు చేరెను. 2023 ఫిబ్రవరిలో 20 పాళ్లు కలిసిన ఇ-20 పెట్రోలు అమ్మకము మొదలయ్యెను. 2025 నాటికి దేశమంతట అదియే సామాన్యమయ్యెను. 1960లలోను, 1970లలోను చేసిన కార్ల రబ్బరును, టంకమును, జెట్టులను ఈ పెట్రోలు కొఱకు ఉద్దేశించి చేయలేదు.

ఇథనాలునకు నీరన్న మిక్కిలి ప్రీతి. అది తేమను పీల్చి తనలో కలుపుకొనును. నీరు మితిమీఱినచో ఇథనాలును నీరును కలిసి పెట్రోలును విడిచి అడుగునకు దిగును. దీనిని రసాయనశాస్త్రోపాధ్యాయుడు ఆరుబయట, నిప్పునకు దూరముగా, సులభముగా చూపవచ్చును. మూత గల కొలత జాడీలో 90 మిల్లీలీటర్ల ఇ-20 పెట్రోలు పోసి, 10 మిల్లీలీటర్ల నీరు కలిపి, మెల్లగా త్రిప్పి నిలిపినచో, అడుగున తేరిన పొర 10 మిల్లీలీటర్లుగా నుండక ఇంచుమించు 28 మిల్లీలీటర్లకు పెరుగును. పెరిగినది పెట్రోలునుండి దిగివచ్చిన ఇథనాలు. టాంకి అడుగున నిట్టి పొర యేర్పడినచో పీల్చుగొట్టము ముందుగా దానినే పీల్చును, ఇంజను నిలిచిపోవును. విద్యార్థులు దీనిని ఇంటివద్ద ఎన్నడును చేయరాదు.

అంతేకాదు, ఇథనాలు ప్రాత రబ్బరును ఉబ్బించును, ఏండ్లనుండి పేరుకొనిన జిగురును కరగించి కదల్చును. కదలిన మడ్డి పోయి ఫిల్టరులోను జెట్టులలోను చిక్కుకొనును. మఱియు ఇథనాలునందే కొంత ప్రాణవాయువున్నది గనుక, ఇ-20 మండుటకు తూకమున సుమారు 13.5 పాళ్ల గాలియే చాలును. ప్రాత జెట్టు ప్రకారము గాలి యెక్కువై పెట్రోలు తక్కువై, ఇంజను వేడెక్కి కుంటుచు నడచును. ఇట్టి లక్షణములు కనబడినచో అనుభవశాలియగు మెకానిక్కు సలహాతో జెట్టును కొంచెము పెద్దదిగా మార్పించుకొనవచ్చును.

మొదట ప్రాణరక్షణ

పని మొదలుపెట్టుటకు ముందు పెట్రోలు స్వభావమును గట్టిగా మనసున నాటుకొనవలెను. సున్నకు క్రింద 40 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో సయితము అది మండదగిన ఆవిరినిచ్చును; మన యూళ్లలో నది యెప్పుడును సిద్ధముగా నున్న మందుగుండు. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగింతలు బరువైనది. అది పైకి పోక, నేలవెంబడి ప్రాకి, గోతులలో నిలిచి, దూరమున నున్న పొయ్యినో దీపమునో చేరును. గాలిలో నూటికి సుమారు ఒకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్ల వఱకు ఆవిరి కలిసినపుడే అది ప్రేలును.

ఈ చివరిమాటను చక్కగా గ్రహింపవలెను. నిండు కుండ తొణకదను సామెత పెట్రోలు టాంకికిని చెల్లును. నిండిన టాంకిలో గాలికి చోటు లేదు. ఖాళీ టాంకిలో ఆవిరియు గాలియు కలిసి ప్రేలుటకు తగిన పాళ్లలో నుండవచ్చును. కావున ఖాళీదే కదా యని ప్రాత టాంకికి వెల్డింగు చేయబూనుట మృత్యువును పిలుచుటయే. టాంకిని పలుమాఱులు వేడినీటితోను సబ్బునీటితోను కడిగి, ఆవిరి పట్టించి, నీటితోనో మండని వాయువుతోనో నింపి, ఆ విద్య తెలిసిన నిపుణుడు మాత్రమే దానికి అతుకు వేయదగును. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఇట్టి పనులనే వృత్తిగా గలవారు కలరు. అట్టివారికి అప్పగించుట చిన్నతనము కాదు.

పనిచేయు స్థలము ఆరుబయట నుండవలెను. బ్యాటరీ తీగను ముందుగా విప్పవలెను. చుట్ట, బీడీ, సెల్‌ఫోను, సాంబ్రాణి, స్టవ్వు ఏదియు దరిదాపుల నుండరాదు. గొట్టమును నోటబెట్టి పెట్రోలును పీల్చు దురలవాటును మానవలెను. ఊపిరితిత్తులలోనికి పోయిన గ్రుక్కెడు పెట్రోలు ప్రాణము తీయగలదు. పొడిమందు చిమ్మెడి అగ్నిమాపక సాధనమును, రెండు బకెట్ల ఇసుకను చేరువ నుంచుకొనవలెను. మండుచున్న పెట్రోలుమీద నీరు పోసినచో పెట్రోలు నీటిపై తేలి మంట మఱింత వ్యాపించును. తీసిన ప్రాత పెట్రోలును కాలువలో గాని బావిదాపున గాని పోయరాదు.

మార్చు వరుస

చెఱువునుండి మడికి వచ్చినట్లే పనియు టాంకినుండి కార్బురేటరునకు రావలెను.

మొదటిది టాంకి. దానిని దింపి, లోపల స్ఫటికపు కాంతిగల బ్యాటరీ దీపముతో, ఆవిరి లేకుండ కడిగిన తరువాత మాత్రమే చూడవలెను. పలుచని తుప్పు మాత్రమే యున్నచో నిమ్మ ఉప్పు కలిపిన వేడినీటిని నింపి ఒకటి రెండు దినములుంచినచో తుప్పు విడును. గట్టి తుప్పు రాల్చుటకు చిన్న గొలుసు ముక్కను లోపల వేసి ఆడింతురు; దానిని మఱల తీయుట మఱువరాదు. పిమ్మట సోడాయుప్పు నీటితో ఆమ్లమును విఱిచి, కడిగి, వెంటనే ఆరబెట్టవలెను. ఆలస్యమైనచో తడి లోహము గంటలలో మఱల తుప్పెక్కును. సూదిమొన దిగునంతగా రేకు పలుచబడినచో టాంకిని మార్చుటయే మేలు. పెట్రోలు కొలత చూపు ఫ్లోటును, దాని క్రింది వాషరును ఈ సమయముననే మార్చవలెను.

టాంకి మూతను అల్పముగా నెంచరాదు. పెట్రోలు తగ్గినకొలది లోనికి గాలి పోవుటకు తగిన దారి యుండవలెను. కొన్ని కార్లలో నది మూతయందే యుండును. ఆ దారి పూడినచో లోపల శూన్యమేర్పడి, కారు కొన్ని మైళ్లు చక్కగా నడిచి నిలిచిపోవును. మూత తీయగా బుస్సుమని గాలి లోనికి దూఱినచో దోషమేదో తెలిసినట్లే.

రెండవది ఉక్కుగొట్టము. అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు, ఇంచుమించు అంత పొడవున ఈ గొట్టము కారు క్రింద బురదను, రాళ్లను సహించియుండును. పైకి బాగుగానున్నను బిగించిన క్లిప్పుల క్రింద తుప్పు దాగియుండును. ప్రాత గొట్టమును మాదిరిగా నుంచుకొని, అదే లావు గల ఉక్కుగొట్టమునో, రాగి-నికెలు మిశ్రలోహపు గొట్టమునో వంచవలెను. వట్టి రాగిగొట్టము సులభముగా వంగును గాని అదురులకు క్రమముగా పెళుసై పగులును. అదిగాక రాగి పెట్రోలు జిగురెక్కుటను త్వరితపఱచును. కోసిన కొనలలోని లోహపు పొట్టును ఊది తీసివేయవలెను. గొట్టము పొగగొట్టమునకు దూరముగా పోవలెను. రేకు రంధ్రముగుండా పోవుచోట రబ్బరు కట్టు తప్పక వేయవలెను.

మూడవది రబ్బరు గొట్టములు. ఇవి చిన్నవి, చవుకవి. ప్రమాదమంతయు వీనియందే కలదు. కారుమీద నున్న ప్రాత రబ్బరు గొట్టము చూచుటకు బాగుగానున్నను ఒక్కటియు మిగుల్పరాదు. ఇథనాలునకు తాళునట్టి ఫ్లోరిను కలిసిన రబ్బరుపొర లోపల గల గొట్టమునే కొనవలెను. అట్టివానిమీద ఎస్.ఎ.ఇ. జె-30 ఆర్-9 అను గుర్తు అచ్చొత్తియుండును. తయారైన తేదీయు చూచి కొనుడు. అంగడిలో నిలిచిన రబ్బరునకును వయస్సు కలదు. నీళ్లగొట్టము నెన్నడును వాడరాదు. అంచులు రబ్బరును కోయని గుండ్రని క్లిప్పులతో, రబ్బరు చితుకునంత గాక, కదలనంత మాత్రము బిగింపవలెను.

నాలుగవది ఫిల్టరు. ప్రాత కార్లలో నిది లేకపోయినను పంపునకు ముందొకటి చేర్చుట శ్రేయము. ఎంత కడిగినను టాంకినుండి కొంత పొడి వచ్చుచునే యుండును. దానిని పొగగొట్టము ప్రక్కన గాక చల్లని చోట నమర్చవలెను.

ఐదవది పంపు. లోపలి పొర చినిగినచో పెట్రోలు ఇంజను క్రింది నూనెలోనికి దిగును. నూనె కొలత పుల్లను తీసి వాసన చూడుడు. పెట్రోలు వాసన వచ్చినను, నూనె మట్టము తనంత తానే పెరిగినను ఇంజనును నడపరాదు. పలుచబడిన నూనె బేరింగులను కాపాడజాలదు. పంపు పైగుండును మార్చక పొరను, కవాటములను, వాషర్లను మార్చుట చాలును. పొరను కూర్చునప్పుడు మీటను పూర్తిగా నొక్కిపట్టి స్క్రూలను ఎదురెదురుగా బిగింపవలెను. లేనిచో పొర బిగిసి చినుగును. బలమైన దానిని వేసిన మేలనుకొని నేటి కార్ల విద్యుత్ పంపును తగిలింపరాదు. కార్బురేటరు పంపుయొక్క ఒత్తిడి సామాన్యముగా చదరపు అంగుళమునకు ఐదు పౌండ్ల లోపు. నేటి ఇంజక్షను పంపుల యొత్తిడి నలువది పౌండ్లకు పైన. ఆ యొత్తిడికి సూది కవాటము నిలువలేదు. కార్బురేటరు పొంగి వేడి ఇంజనుమీద పెట్రోలు పాఱును.

చివరిది కార్బురేటరు. ఫ్లోటును చెవివద్ద ఆడించి చూడుడు. లోపల పెట్రోలు చప్పుడైనచో అది చిల్లిపడినది. మంటకు దూరముగా వేడినీటిలో ముంచినచో చిల్లినుండి బుడగలు వచ్చును; వేడికి వాయువు వ్యాకోచించుననుటకు ఇంతకంటె చక్కని నిదర్శనము లేదు. సూది కవాటమును, దాని పీటను జంటగా మార్చవలెను. జెట్టులను ఉక్కు తీగతో పొడువరాదు. ఇత్తడి మెత్తనిది. 1.20 మిల్లీమీటర్ల రంధ్రము పొడుపువలన 1.25 అయినచో, వైశాల్యము వ్యాసముయొక్క వర్గమును బట్టి యుండును గావున, అది నూటికి ఎనిమిదిన్నర పాళ్లు పెరుగును. కంటికి కానరాని పొరబాటు వలన కారు నల్లని పొగ వదలును. ద్రావకములో నానబెట్టి గాలితో ఊదుటయే సరియైన పద్ధతి. లెక్కల తరగతిలో వృత్తవైశాల్యము దేనికి పనికివచ్చునని యడుగు విద్యార్థులకు ఇదియొక సమాధానము.

పరీక్షించుట

అన్నియు కూర్చిన పిదప నాలుగైదు లీటర్ల క్రొత్త పెట్రోలు మాత్రమే పోయవలెను. ఇంజనును త్రిప్పకముందే పంపునకు చేతిమీట యున్నచో దానితో కొట్టి, ప్రతి కీలును తెల్లకాగితముతో అద్ది చూడవలెను. కాగితముమీద తడి మచ్చ పడినచో బిగింపు చాలలేదన్నమాట. తరువాత పది నిమిషములు ఆరుబయట నడిపి చూడవలెను. చల్లారిన పిమ్మట మఱల చూడవలెను. వేడిలో కాఱని కీలు చల్లారినపుడు కాఱుటయు కలదు. నూఱు కిలోమీటర్లు తిరిగిన తరువాత ఫిల్టరును మార్చవలెను.

మన వేసవియందు మఱియొక చిక్కు. రెంటచింతల ఎండలవంటి ఎండలలో పంపునకు వచ్చు గొట్టములోనే పెట్రోలు ఆవిరియై బుడగలు కట్టును. పంపు ద్రవమును లాగగలదు గాని ఆవిరిని లాగజాలదు. ప్రాత డ్రైవర్లు పంపుమీద తడిగుడ్డ వేయుట ఇందులకే. గొట్టమును వేడికి దూరముగా నడుపుట, నడుమ రేకు అడ్డుపెట్టుట శాశ్వతమైన ఉపాయములు. దీర్ఘకాలము నిలుపదలచిన కారు టాంకిని నిండుగా నుంచుటయో, పూర్తిగా ఖాళీచేసి ఆరబెట్టుటయో చేయవలెను, సగముగా విడువరాదు. రబ్బరు గొట్టములను ఏటేట పరీక్షించి, ఐదేండ్ల కొకమాఱు మార్చుట మంచిది.

ప్రాతదనమును కాపాడుట

ఇన్ని భాగములు మార్చినచో ప్రాత కారు ప్రాతదిగా నుండునా యని కొందఱు సంశయింపవచ్చును. ఏబది యేండ్లు దాటి, మూలరూపమును కోల్పోని బండ్లను వింటేజి బండ్లుగా నమోదు చేయుటకు మన కేంద్ర ప్రభుత్వము 2021లో నియమములు చేసెను. చట్రమును, పైకట్టును, ఇంజనును గణనీయముగా మార్చరాదని వాని తాత్పర్యము. అరిగిన గొట్టములు, పొరలు, వాషర్లు మార్చుటకు అభ్యంతరము లేదు. ఇట్లు నమోదైన బండ్లను నిత్యప్రయాణములకు వాడరాదు గావున, అవి యెక్కువకాలము నిలిచియే యుండును. నిలుకడ యెంత చెఱుపో పైన చూచితిమి. అట్టి కార్లకు ఈ జాగ్రత్త మఱింత యవసరము. తీసిన ప్రాత భాగములకు చీటి కట్టి, తేదీ వ్రాసి, పెట్టెలో భద్రపఱచుడు. ఏ భాగమును ఎప్పుడు మార్చితిరో ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచుడు. రేపు ఆ కారును నడుపు మనుమనికి అది తాతగారి సంతకమువలె నుండును.

తల్లిదండ్రులకు మా విన్నపమొక్కటి. కారును బాగుచేయు పనిలో పిల్లలను చేర్చుకొనుడు. స్క్రూలు లెక్కించుట, గొట్టములు కొలుచుట, నోటుపుస్తకము వ్రాయుట వారి పని. పెట్రోలు తీయుట, టాంకి కడుగుట పెద్దల పని. విద్యార్థులారా, కారు దగ్గఱ పెట్రోలు వాసన వచ్చినను, క్రింద తడి మచ్చ కనబడినను, ప్రయాణమునకు ఎంత తొందరయున్నను తాళము త్రిప్పనీయకుడు. ఆ మాట చిన్నవారు చెప్పినను పెద్దలు వినవలెను. బీటలిచ్చిన గొట్టమును ఎవరు ముందు చూచినను, ఆ యింటివారందఱును బ్రతికిరన్నమాట.